శ్వేతకోన దాచిన గొంతు

శ్వేతకోన ముఖద్వారం దగ్గర లంగరు దింపే నాటికి మకరాంకుడు సూర్యాస్తమయం చూసి పదకొండు రోజులైంది. భూమికి ఉత్తరపు కొసన ఉన్న ఆ చోట వేసవి నెలల్లో సూర్యుడు ఆకాశం అంచు వెంబడి ప్రదక్షిణ చేస్తాడే తప్ప సముద్రంలోకి దిగడు. ఆ వెలుగులో కనిపించే దృశ్యాన్ని వర్ణించడానికి శోణపురి ఆస్థాన కవులందరూ కట్టకట్టుకుని కూర్చున్నా చాలరు. రెండు వైపులా నల్లని కొండలు నిటారుగా లేచి మేఘాల్లో తలలు దాచుకున్నాయి. వాటి నడుమ సముద్రం ఐదు క్రోసుల దూరం సన్నని పాయగా లోపలికి చొరబడింది. కొండల మీద నుంచి వందలాది జలపాతాలు నూలుపోగుల్లా వేలాడుతున్నాయి. పాయ చివర, శిఖరాల మధ్య నుంచి దిగివచ్చిన మంచునది ఒకటి నీటి అంచున కోటగోడంత ఎత్తున నిలబడి ఉంది. దాని పగుళ్ళలో నీలిరంగు మెరుస్తోంది. తిమింగలాలు ఊపిరి వదిలినప్పుడల్లా నీటిధారలు పైకి లేస్తున్నాయి. కొండచరియల నిండా ఎర్రముక్కు పిట్టలు లక్షల సంఖ్యలో గూళ్ళు కట్టుకుని ఒకటే గోల. ఆ గోల మంచుకు అలవాటే. మనిషి చేసే పెద్ద చప్పుడే దానికి పడదు. చప్పుడైతే విరిగి పడుతుంది.

మూడు వందల ఏళ్ళ కిందట ధవళకీర్తి చక్రవర్తి ఆ కోనకు అభయమిచ్చాడు. అక్కడ వేట లేదు, కాపురం లేదు, ఒక ఈకనైనా బయటికి తీసుకుపోవడం లేదు. చూసి రావచ్చు, అంతే. ఆ ఆజ్ఞను చెక్కిన రాతి పక్కనే కోనకాపుల గుడిసె. తరతరాలుగా వచ్చినవారిని పడవలో తిప్పి చూపించి, క్షేమంగా వెనక్కి పంపడం ఆ కాపుల పని.

గడ్డం పెంచి, ముఖానికి మూలికల పసరు పూసుకుని, భుజాన మందుల సంచితో ఒడ్డున దిగిన ఆ మనిషిని చూసి శోణపురి మహారాజు వజ్రకేతుడి రెండో కొడుకంటే ఎవరూ నమ్మరు. నమ్మకూడదనే ఆ వేషం. కాలజిహ్వుడనే మాంత్రికుడు మహారాజును మత్తులో ముంచి నాలుగు నెలలైంది. కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు ఉండదు. ఆయన అందరికంటే ఎక్కువగా ప్రేమించిన మనిషి గొంతు చెవిన పడితే తప్ప ఆ మత్తు విడవదని ఒక యోగిని చెప్పింది. ఆ మనిషి పెద్దకొడుకు హేమాంగదుడు. పన్నెండేళ్ళ కిందట ఈ కోనలోనే మంచు కింద పడి చనిపోయిన హేమాంగదుడు. రెండో కొడుకు మంచం పక్కనే నిలబడి నాలుగు నెలలు పిలిచినా ఆ కళ్ళు కదలలేదు. ఆ బాధ చెప్పుకుంటూ కూర్చుంటే కథ నడవదు.

శ్వేతకోన మంచుకు ఒక విచిత్రమైన గుణముంది. గడ్డకట్టే క్షణంలో తన మీద పడిన శబ్దాన్ని పట్టి దాచుకుంటుంది. కరిగేటప్పుడు ఆ శబ్దాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బయటికి వదులుతుంది. హేమాంగదుడి చివరి మాట ఆ కోనలో ఎక్కడో ఉంది. రాబోయే పౌర్ణమికి కాలజిహ్వుడు పట్టాభిషేకం పెట్టుకున్నాడు. ఆలోగా ఆ మంచుగడ్డను తండ్రి చెవి దగ్గరికి చేర్చాలి.

"అమ్మా, నేను సోమిదత్తుడనే వైద్యుణ్ణి. శోణపురి మహారాణిగారు పంపగా..." అని మొదలుపెట్టాడో లేదో, గుడిసె ముందున్న స్త్రీ కంగారుగా పెదవుల మీద వేలు పెట్టింది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, చలిగాలికి కమిలిన ముఖం, తెడ్డు పట్టి కాయలు కాసిన చేతులు. ఆమె పేరు పైడమ్మ. ఆ ఒడ్డుకు ఇప్పుడు ఆమే కాపు.

"మెల్లగా వైద్యుడుగారూ, మెల్లగా. మాట నా చెవిదాకా వస్తే చాలు, అవతలి కొండదాకా పోనక్కర్లేదు" అంది గుసగుసగా. "గంట, డోలు, కొమ్ము, శంఖం... చప్పుడు చేసేది ఏదున్నా ఈ బండ మీద పెట్టండి. కత్తి కూడా. పోయేటప్పుడు పట్టుకుపోదురుగాని."

మకరాంకుడు కత్తి పెట్టాడు. మందులు నూరే కల్వం పెట్టాడు. దుప్పటి కింద, నడుముకు కట్టుకున్న, అంచు విరిగిన వెండి కట్ల శంఖం మిగిలింది. అన్న పోయిన నీళ్ళలోనే దాన్ని విసిరేసి పోదామని శోణపురి నుంచి మోసుకొచ్చాడు. చెయ్యి నడుము దాకా వెళ్ళింది. కానీ దాని మీద శోణపురి రాజముద్ర ఉంది. చూస్తే ఈవిడ ఏమడుగుతుందో అతనికి తెలుసు. చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది. పన్నెండేళ్ళ కిందట ఇదే బండ ముందు నిలబడి ఇదే శంఖాన్ని ఇలాగే దాచాడు. అప్పుడు కుర్రతనం, ఇప్పుడు పిరికితనం.

"ఇప్పుడొక గులకరాయి ఏరుకుని దాని మీద మీ పేరు గీకండి. అది మీ ఆనవాలు రాయి. తిరిగి రాగానే మీ చేత్తో తీసి నీళ్ళలో వేసేస్తే మా బాధ్యత తీరినట్టు" అంది పైడమ్మ.

అతను సోమిదత్తుడని గీకి, అరుగు మీద పెట్టబోయి ఆగిపోయాడు. అప్పటికే అక్కడ వరసగా పదకొండు రాళ్ళున్నాయి. చివరి రాయి మీద అన్న చేతిరాత.

"అవి తిరిగి రానివాళ్ళవి" అంది ఆమె. "రోజూ కూడు తినేముందు వాళ్ళ పేర్లు చెప్పి పిలుస్తాం. కోన విని ఎప్పటికైనా పంపిస్తుందని మా పెద్దల నమ్మకం."

"ఈ పేరు కూడానా?"

"హేమాంగదుడా? ఆ పేరు మా నాన్నే పిలుస్తాడు. పన్నెండేళ్ళుగా ఒక్కపూట తప్పలేదు."

గుడిసె వెనక ఒక ముసలివాడు సముద్రానికి వీపు పెట్టి, కొండరాతికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతన్ని చూడగానే మకరాంకుడు గుర్తుపట్టాడు. ఆనాడు అన్న ఎక్కిన పడవ నడిపిన రేవన్న. శంఖం ఊదింది మకరాంకుడే, వెనక పడవలో నుంచి. తిమింగలం తోక ఎత్తి నీళ్ళ మీద కొట్టిన ముచ్చట చూసి ఒళ్ళు మరిచి ఊదాడు. మంచుగోడ విరిగి అన్న ఉన్న పడవ మీద పడింది, రేవన్న ఒక్కడే బతికి బయటపడ్డాడు. తండ్రి ముందు నిలబడి మాత్రం, "పడవవాడు గోడకు మరీ దగ్గరగా నడిపాడు నాన్నగారూ" అన్నాడు. శంఖం ఊదారని రేవన్న ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. రేవన్న బతికినంత కాలం నీళ్ళ ముఖం చూడరాదనీ, కోనకాపుల్లో ఎవరు శోణపురి గడప తొక్కినా తల తీయమనీ మహారాజు ఆజ్ఞ వేశాడు. పుట్టిన నాటి నుంచి నీళ్ళ మీద బతికిన మనిషి పన్నెండేళ్ళుగా ఆ రాయిని చూస్తూ కూర్చున్నాడు.

రేవన్న పొయ్యి మీద నుంచి వేడి నాచు కషాయం ముంతలో పోసి ఇచ్చాడు. "తాగండయ్యా, ఎముకల్లో చలి విరుగుద్ది."

"బాగుంది" అన్నాడు మకరాంకుడు. కోనలో అందరివీ గుసగుసలే గనుక గొంతు గుర్తుపట్టే వీల్లేదు, అదొక అదృష్టం.

"మీరొక్క ఉపకారం చేసిపెట్టాలి. లోపలికి పోయాక మంచుగోడ కింద నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసొచ్చి చెప్పండి. అమ్మాయిని అడిగితే ఏడుస్తుంది, అందుకని అడగను."

చెబుతానని మాటిచ్చి మకరాంకుడు పడవెక్కాడు.

పడవ పాయలోకి సాగింది. పైడమ్మ తెడ్డు వేస్తే నీటికి కూడా తెలియదు. కోరల నీటిజంతువుల గుంపొకటి మీసాలు నిక్కించి పడవను చుట్టుముడితే, ఆమె తెడ్లు పైకెత్తి ఊపిరి బిగబట్టి కూర్చుంది. అవి పడవను రెండుసార్లు వాసన చూసి తమ దారిన పోయాయి. అప్పుడు మకరాంకుడు ఒక సంగతి గమనించాడు. ఓడ మీద ఉన్నప్పటి నుంచి వెంబడిస్తున్న నల్లని డేగ ఇక్కడా తల మీద చక్కర్లు కొడుతోంది. దాని కళ్ళు నిప్పుకణికల్లా ఉన్నాయి.

"ఈ కోన నుంచి ఈక కూడా తీసుకుపోకూడదంటారు. మరి మా రాజుగారి మత్తు విడిపించడానికి హేమాంగదుడి గొంతున్న మంచుగడ్డ ఇస్తారా?" అని అడిగాడు.

"బయటి నుంచి వచ్చింది బయటికి పోవచ్చు. ఆ గొంతు మీ రాజుగారిది" అంది పైడమ్మ. ఒక్క క్షణం తెడ్డు ఆపి, "నా స్వార్థం కూడా ఉందనుకోండి. ఆ మంచు కరిగితే గొంతొక్కటే వస్తుందా? ఆ రోజు ఊదిన శంఖం కూడా రావాలిగా. అప్పుడు మా నాన్న అబద్ధాలకోరు కాదని మీ రాజుగారే వింటారు. ఆపైన మా నాన్న ఒక్కసారి ఈ నీళ్ళ వైపు తిరిగి కూర్చుంటే చాలు, అంతకంటే మాకేమీ అక్కర్లేదు" అంది.

మకరాంకుడు దుప్పటి గట్టిగా కప్పుకున్నాడు.

మంచునది అంచున, నీటిలోకి చొచ్చుకొచ్చిన ఒక మంచుతిన్నె దగ్గర పడవ కట్టి ఇద్దరూ పైకి ఎక్కారు. నూరడుగులు నడిచారో లేదో, మంచుదిబ్బ వెనక నుంచి తెల్ల ఎలుగు ఒకటి రెండు పిల్లలతో ఎదురైంది. నిలబడితే రెండు నిలువుల ఎత్తు. చేతిలో పుల్ల కూడా లేదు. "పరుగెత్తకండి" అని పైడమ్మ అంటూండగానే అది ఉరికింది. మకరాంకుడు మందుల సంచి మూతి విప్పి ఇంగువ, కర్పూరం, శొంఠిపొడి కలిపి ఒక్క విసురున దాని ముఖాన కొట్టాడు. ఎలుగు తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. పిల్లలు బెదిరి పారిపోతే వాటి వెనకే పోయింది. నవ్వాపుకోవడానికి పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు తీరేలోపే కాలి కింద మంచు చీలి, ఆమె నడుం దాకా కూరుకుపోయింది. మకరాంకుడు బోర్లా పడి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. కింద చీకటి నీలంలో ఎక్కడో నీరు పారే చప్పుడు. పళ్ళు బిగించి, జానెడు జానెడుగా వెనక్కి జరుగుతూ ఆమెను పైకి లాగాడు.

"మీ రుణం ఉంచుకోను వైద్యుడుగారూ" అంది ఆమె రొప్పుతూ.

ఆ మాట అతనికి ఎలుగు పంజాకంటే గట్టిగా తగిలింది.

గుహ దొరికింది. పైకప్పు నుంచి సూర్యకాంతి నీలంగా వడగట్టి దిగుతోంది. పైడమ్మ ఒక్కొక్క గడ్డకూ చెవి ఆనిస్తూ నడిచి, కుంకుడుకాయ రంగు మచ్చ ఉన్న ఒక నీలిగడ్డ దగ్గర ఆగింది. గుమ్మడికాయంత ఉంది. "ఇదే" అంది. మకరాంకుడు చెవి పెట్టాడు. లోపల ఏదో సన్నగా మోగుతోంది. మాటలు తెలియడం లేదు గానీ, ఆ గొంతు అన్నదే. చిన్నప్పుడు జ్వరంలో పక్కన కూర్చుని కథలు చెప్పిన గొంతు. అతనికి కన్నీళ్ళు ఆగలేదు.

"ఇది బయటి నుంచి లోపలికి గడ్డకట్టింది" అంటూ పైడమ్మ నాచు పరిచి, మీద కొవ్వు రాసిన తోలు చుట్టడం మొదలుపెట్టింది. "ముందు పట్టిన శబ్దం పైపొరలో ఉంటుంది, చివరి మాట నడిమధ్యన. తోలు ఒక్క రోజు వదులైనా పైపొర దారిలోనే కరిగిపోద్ది. జాగ్రత్తగా చూసుకోండి."

అంటే శంఖం పైపొరలో ఉంది. అన్న గొంతు లోపల ఉంది. తోలు కట్టు ఒక్క రోజు వదులు చేస్తే చాలు. నడిసముద్రంలో శంఖం ఒక్కసారి మోగి పోతుంది. సభలో అన్న గొంతొక్కటే వినిపిస్తుంది, తండ్రి లేస్తాడు, ఎవరికీ ఏమీ తెలియదు. రేవన్న రాతి ముందు కూర్చునే ఉంటాడు. ఈ లెక్క మనసులో పూర్తి కావడానికి మకరాంకుడికి ఎంతో సేపు పట్టలేదు. అంత త్వరగా పూర్తయినందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది.

గడ్డను మోసుకుని తిన్నె మీదకు వచ్చారు. పైడమ్మ ముందు పడవలోకి దిగి, గడ్డను ఒళ్ళోకి అందుకుంది. అప్పుడే ఎండ మాసిపోయింది. తల మీది డేగ రెక్కలు విప్పుతూ విప్పుతూ ఏనుగంత అయింది. దాని వీపు మీద జడలు విరబోసుకున్న కాలజిహ్వుడు, చేతిలో భగభగమండే నిప్పుకుండ. లోకంలో మాంత్రికులందరూ అట్టహాసం చేస్తారు. ఇతనూ అందుకే నోరు తెరిచాడు గానీ, ఎదురుగా ఉన్న మంచుగోడను చూసి గుసగుసగానే నవ్వాడు.

"వైద్యుడా, ఆ గడ్డ కరిగితే నీకే ఎక్కువ లాభం. అడ్డుపడకు" అని నిప్పుకుండను ఊదాడు.

వడగాలి పడవను తాకింది. పైడమ్మ గడ్డ మీద ఒరిగి వీపుతో కాచుకుంది. ఆమె కంబళి పొగలెత్తింది. తోలు ఒక మూల జారి, అక్కడి నుంచి ఒక చుక్క కరిగి రాలింది. ఆ చుక్కతో పాటు సన్నగా, దూరంగా, శంఖనాదం. చివర్న చిన్న జీర. అంచు విరిగిన శంఖానికి మాత్రమే ఉండే జీర.

"విన్నారా!" పైడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "శంఖమే! మా నాన్న అబద్ధం చెప్పలేదు!"

రెండో చుక్క రాలబోతోంది. ఆయుధం లేదు. మంత్రం లేదు. మకరాంకుడు దుప్పటి విసిరేసి, నడుమున ఉన్న శంఖాన్ని తీసి గుండెల నిండా ఊపిరి తీసి ఊదాడు.

కోన దద్దరిల్లింది. లక్షల పిట్టలు ఒక్కసారి లేచాయి. చివర్న అదే జీర కొండ నుంచి కొండకు పాకింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తరవాత మంచుగోడ పైభాగం మెల్లగా ముందుకు వంగి, డేగనూ, మాంత్రికుణ్ణీ, నిప్పుకుండనూ తనతో పాటు నీళ్ళలోకి తీసుకుపోయింది. లేచిన అల పడవను పాయ నడుమకు విసిరింది. తిన్నె పెళపెళమని విరిగి, మకరాంకుడు నిలబడ్డ ముక్క వేరుపడి తేలిపోసాగింది.

మంచుదుమ్ము అణగేసరికి పైడమ్మ అతని వైపే చూస్తోంది. అతని ముఖం వైపు కాదు, చేతిలోని శంఖం వైపు.

"నువ్వా?" అంది. గుసగుస కాదు, మామూలు గొంతు. "పొద్దున మా నాన్న చేతి కషాయం తాగావు నువ్వు. తాగి, బాగుందన్నావు."

"తాగాను" అన్నాడు మకరాంకుడు. "ఆ రోజు ఊదింది నేనే. నేరం మీ నాన్న మీదికి నెట్టింది నేనే. ఇంతకుముందు గుహలో కూడా, పైపొర కరగనిచ్చి తప్పించుకుందామనుకున్నాను. నన్ను క్షమించమని అడగను పైడమ్మా, అడిగే ముఖం లేదు."

పడవకూ అతను నిలబడ్డ పలకకూ నడుమ మంచుబండలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ దారి మూసేస్తున్నాయి. ఇంకొంచెం సేపైతే పడవకు కూడా బయటికి పోయే సందుండదు. ఆమె తెడ్డు అతని వైపు తిప్పింది, మళ్ళీ ఆపింది.

"రాకు! ఇటు వస్తే గడ్డ కూడా దక్కదు" అని అతను వేలి ఉంగరం తీసి పడవలోకి విసిరాడు. "అది చూపిస్తే శోణపురిలో నీ తల జోలికి ఎవరూ రారు. నా ఓడ నిన్ను తీసుకుపోతుంది. పైపొర కరగనివ్వకు. సభలో అందరి ముందూ విప్పు. ముందు శంఖం వినపడాలి, ఆ తరవాతే అన్నయ్య గొంతు. నాన్నగారు లేవగానే మొదట రేవన్న సంగతి అడుగు."

పైడమ్మ తన పై కంబళి విప్పి గడ్డకు చుట్టింది. పడవ తిప్పుకుని, రెండు తెడ్లు వేసి, తల తిప్పకుండానే అడిగింది.

"ఆ రాయి మీద దొంగ పేరు గీకావు. రేపటి నుంచి కూటికి ముందు ఎవర్ని పిలవాలి మేము?"

పన్నెండేళ్ళుగా అన్న పేరు పిలుస్తున్న ముసలినోటితో తన పేరు కూడా పిలిపించుకోవడానికి ఏ అర్హతుంది?

"మకరాంకుడు" అన్నాడు. ఆ కోనలో అతను చెప్పిన మొదటి నిజమైన పేరు అదే.

ఆమె తల ఊపిందో, తెడ్డు విసురుకు అలా కనిపించిందో తెలియలేదు. పడవ మంచుబండల సందులోంచి జారి, చిన్నదై, మలుపు తిరిగిపోయింది. మంచుపలక అతన్ని ఒంటరిగా కోన లోపలికే మోసుకుపోతోంది. మకరాంకుడు శంఖాన్ని నీళ్ళలో వదిలేశాడు. గుండెల మీద బరువు దిగుతుందనుకున్నాడు గానీ, ఏమీ దిగలేదు. అప్పుడు ముసలాయనకిచ్చిన మాట గుర్తుకొచ్చి, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూద్దామని పలక అంచున మోకాళ్ళ మీద వంగాడు.

పైన పాలు కలిపినట్టు తెలుపు. దాని కింద లేత ఆకుపచ్చ. ఇంకా లోతున, కళ్ళు తిప్పుకోనివ్వని నీలం. మరిచిపోకూడదని పెదవులతో ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు. మూడోసారి చెప్పుకోబోతుండగా ఆ నీలం అడుగున ఎర్రటి వెలుగొకటి కదిలింది. నీళ్ళలో పడ్డా ఆరని నిప్పుకుండ, దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆ చేతి వెనక నవ్వుతున్న ముఖం, సరిగ్గా అతని మోకాళ్ళ కిందికి తేలి వస్తున్నాయి.